రెండు ఆక్లాండ్‌లు, రెండు చరిత్రలు

ఇంగ్లండ్ ఈశాన్యంలో ఒకప్పటి డర్హమ్ బొగ్గు గనుల సీమ ఉంది. అక్కడ కొద్ది కిలోమీటర్ల ఎడంలో బిషప్ ఆక్లాండ్ అనే చిన్న పట్టణం, వెస్ట్ ఆక్లాండ్ అనే పల్లె. జీతం తీసుకోని ఆటగాళ్లతోనే ఈ రెండు ఊళ్ల ఫుట్‌బాల్ క్లబ్బులూ చరిత్రకెక్కాయి. మొదటిది వరస విజయాలతో, రెండోది రెండే రెండు ప్రయాణాలతో.

పుట్టుకలోనే తేడా ఉంది. బిషప్ ఆక్లాండ్‌కు మూలం చర్చి. అక్కడి బిషప్ కోటలో చదువుకోవడానికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల నుంచి వచ్చిన విద్యార్థులు ఆట మొదలుపెట్టారు. ఆ రెండు విశ్వవిద్యాలయాల ముదురు, లేత నీలాలే నేటికీ క్లబ్బు రంగులు. వెస్ట్ ఆక్లాండ్ జట్టులో ఎక్కువమంది బొగ్గు తవ్వే కార్మికులే ఉండేవారు.

జీతం తీసుకోని ఆటగాళ్ల జట్ల పోటీ అయిన ఇంగ్లండ్ అమెచ్యూర్ కప్‌లో బిషప్ ఆక్లాండ్ ఫైనల్‌కు 18 సార్లు చేరింది, 10 సార్లు గెలిచింది. 1955, 56, 57లలో వరసగా మూడుసార్లు నెగ్గింది. 1954లో పక్క ఊరు క్రూక్‌తో ఫైనల్ లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో తేలలేదు, మళ్లీ ఆడినా తేలలేదు. మూడో మ్యాచ్‌లో క్రూక్ గెలిచింది. వెంబ్లీలో ఆ రెండు చిన్న ఊళ్ల ఆట చూడటానికి లక్షమంది వచ్చారు.

టీ వ్యాపారి సర్ థామస్ లిప్టన్ పెట్టిన కప్పు కోసం వెస్ట్ ఆక్లాండ్ 1909లో ఇటలీలోని టురిన్ వెళ్లి గెలిచింది. 1911లో మళ్లీ వెళ్లి ఇటలీ క్లబ్బు యువెంటస్‌ను 6-1తో ఓడించి కప్పును సొంతం చేసుకుంది. 1909 నాటి పోటీయే తొలి ప్రపంచకప్ అని ఆ ఊరి మాట. దాన్ని నేను ఒప్పుకోను. అందులో ఆడింది నాలుగు దేశాల జట్లే. గని కార్మికులు అంతదూరం వెళ్లి గెలిచారన్నది చాలు, దానికి పెద్ద పేరు తగిలించనక్కర్లేదు.

అయితే గెలుపుల లెక్కతో ఈ క్లబ్బులను తూచలేం. 1958లో మ్యూనిక్ విమాన ప్రమాదంలో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్లు ఎనిమిదిమంది చనిపోయారు. జట్టు నిలబడటానికి బిషప్ ఆక్లాండ్ తన ఆటగాళ్లు ముగ్గురిని పంపింది: బాబ్ హార్డిస్టీ, డెరెక్ లూయిన్, వారెన్ బ్రాడ్లీ. బడిపంతులైన బ్రాడ్లీ అక్కడే స్థిరపడి 1959లో ఇంగ్లండ్ జట్టుకూ ఆడాడు. పెద్ద క్లబ్బుకు చిన్న ఊరు ఆసరా ఇచ్చిన ఆ సంవత్సరం నా దృష్టిలో పది కప్పులకంటే మిన్న.

వెస్ట్ ఆక్లాండ్‌ది అప్పుల కథ. ప్రయాణపు ఖర్చులు మీద పడి, గెలిచిన కప్పునే ఊళ్లోని హోటల్ యజమానురాలి దగ్గర 40 పౌండ్లకు తాకట్టు పెట్టారు. ఊరు దాన్ని మరిచిపోలేదు, 1960లో విడిపించుకుంది. 1994లో దొంగలు ఎత్తుకుపోతే అలాంటిదే మరొకటి చేయించుకుంది.

క్లబ్బుగా బిషప్ ఆక్లాండే గొప్పది, అందులో సందేహం లేదు. కానీ జీతం లేని ఆటకు ఊరు ఎంత మూల్యం చెల్లిస్తుందో చెప్పేది వెస్ట్ ఆక్లాండ్ చరిత్రే. ఊరి క్లబ్బు చరిత్ర రాసేవారు కప్పుల జాబితాతో ఆగిపోకూడదు. ఆ ఆట కోసం ఎవరు ఏం వదులుకున్నారో, ఏ అప్పు ఎలా తీర్చారో కూడా రాయాలి.