ఆపేది ఎవరు?

2011 ఆగస్టు 13 సాయంత్రం అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రెండు చోట్ల ఆరుబయట కచేరీలు జరుగుతున్నాయి. ఒకటి ఇండియానాపొలిస్ నగరంలోని స్టేట్ ఫెయిర్ మైదానంలో. అక్కడ షుగర్‌ల్యాండ్ అనే కంట్రీ సంగీత బృందం పాడాలి. రెండోది అక్కడికి ఉత్తరాన కొద్ది దూరంలో, కానర్ ప్రెయిరీ పచ్చికబయలులో. అది ఆ నగరపు సింఫనీ ఆర్కెస్ట్రాది. రెండింటి మీదికీ ఒకటే గాలివాన వస్తోంది. సింఫనీ వాళ్ళు దాన్ని ముందే చూసుకుని కచేరీ ఆపేసి జనాన్ని క్షేమంగా పంపించేశారు. స్టేట్ ఫెయిర్‌లో మాత్రం రాత్రి 8.45 ప్రాంతంలో మైకులో ఒక ప్రకటన చేశారు. వాన వచ్చేలా ఉందనీ, అవసరమైతే ఎటు వెళ్ళాలనీ చెప్పి, కార్యక్రమం జరుగుతుందని కూడా చెప్పారు. కాసేపటికే, అంటే 8.46కి, వానకు ముందు దూసుకొచ్చే ఈదురుగాలి తగిలి స్టేజీ పైకప్పు ముందు వరసల మీద కూలిపోయింది. ఏడుగురు చనిపోయారు.

ఆ ప్రమాదం మీద రెండు నివేదికలు వచ్చాయి. ఒకటి ఇంజనీర్లు రాసింది. పైకప్పును పట్టి ఉంచే తీగల్ని కాంక్రీటు దిమ్మెలకు కట్టారనీ, ఆ దిమ్మెలు గాలి లాగుడుకు నేల మీద జారిపోయాయనీ, అసలు ఆ నిర్మాణమే ఆ గాలికి తట్టుకునేది కాదనీ లెక్కలతో తేల్చింది. రెండోది, ఆ సాయంత్రం ఎవరు ఏం చేశారన్న దాని గురించి. ఆరుబయట కచేరీలకు సేఫ్టీ ప్లాన్లు రాయడం నా పని కాబట్టి ఈ రెండో నివేదిక దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోతాను. వాతావరణ శాఖ హెచ్చరిక 8.39కే వచ్చింది. చూసినవాళ్ళు ఉన్నారు, ఆందోళన పడినవాళ్ళు ఉన్నారు, ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు కూడా. కచేరీని వాయిదా వేసే అధికారం, ఆపే అధికారం ఎవరిదో మాత్రం అక్కడ ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఏడు నిమిషాలు అలా గడిచిపోయాయి.

ప్లాన్ అనగానే మన దగ్గర నిర్వాహకులు పర్మిషన్ల ఫైలు ముందు పెడతారు. పోలీసు అనుమతి, ఫైర్ ఎన్‌వోసీ, కరెంటు సర్టిఫికెట్, అంబులెన్సుకు కట్టిన డబ్బు రసీదు. అవన్నీ కావలసినవే. అవి చూశాక నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "పాట మధ్యలో ఆపాల్సి వస్తే ఆపేది ఎవరు?" గదిలో ఉన్నవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "అంత పరిస్థితి రాదులెండి సార్" అంటాడు ఈవెంట్ మేనేజరు. "పోలీసు వాళ్ళు చూసుకుంటారు కదా" అంటారు స్పాన్సరు తరఫున వచ్చినవాళ్ళు. "నిర్వాహకులు మాకు చెప్తే మేం చేస్తాం" అంటారు ఎస్.ఐ. గారు. ఒకసారి ఎల్ఈడీ తెరలు కట్టే గుంటూరు పెద్దాయన ఒకాయన చివరిదాకా కూర్చుని విని, వెళ్ళేటప్పుడు నన్ను పక్కకి పిలిచాడు. "బాబూ, గాలి లేస్తే తెర దించాలని మాకూ తెలుసు. ఎవరు దించమంటే దించాలో చెప్పరు. దించాక గాలి తగ్గిపోతే తిట్లు మాకు. అందుకే పైకి చూస్తా నిలబడతాం" అన్నాడు. చదువుకున్న పుస్తకాల్లో ఇంత సూటిగా చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు.

ఆ ప్రశ్న ముందే అడగడం ఎందుకంటే, ఆపడం అనేది ఆ క్షణంలో ఎవరికీ చేతకాదు. ముందు వేల మంది కేకలు, వెనక లక్షల రూపాయల ఖర్చు, పక్కన లైవ్ టెలికాస్ట్ వ్యాను. గాయకుడు పల్లవి ఎత్తుకున్నాడు. అప్పుడు ఆలోచించి ధైర్యం తెచ్చుకుని ఆపమంటే ఎంత మంచివాడైనా ఇంకో రెండు నిమిషాలు చూద్దామనుకుంటాడు. ఆ రెండు నిమిషాల మీద నిర్ణయం ముందు రోజు పగలు, మైదానం ఖాళీగా ఉన్నప్పుడు, టీ తాగుతూ అయిపోవాలి. నా పనిలో ముఖ్యమైన భాగం అదేనని నేను గట్టిగా నమ్ముతాను. తక్కినవన్నీ దాని తరవాతే.

పేర్లు రాసేసినంత మాత్రాన కూడా సరిపోదు. 2021 నవంబరు 5న హ్యూస్టన్‌లో ర్యాప్ గాయకుడు ట్రావిస్ స్కాట్ నిర్వహించిన ఆస్ట్రోవరల్డ్ ఉత్సవానికి కాగితం మీద ప్లాన్ ఉంది. కచేరీని ఆపే అధికారం ఇద్దరికే ఉందని అందులో రాసి ఉంది, ఆ ఇద్దరి హోదాలూ ఉన్నాయి. జనం ఒక్కసారిగా ముందుకు తోసుకొస్తే ఏం చెయ్యాలో విడిగా లేదు. దాదాపు యాభై వేల మంది వచ్చారు. రాత్రి 9.38కి నగర అధికారులు దాన్ని పెద్ద ప్రాణాపాయ ఘటనగా ప్రకటించారు. పాట ఆ తరవాత కూడా అరగంటకు పైగా నడిచింది. పది మంది చనిపోయారు. అందరిలోకీ చిన్నవాడికి తొమ్మిదేళ్ళు. ఆపగలవాళ్ళు ఇద్దరేనని రాసుకున్నప్పుడు, ఆ ఇద్దరికీ కబురు చేరడం, వాళ్ళు నమ్మడం, వాళ్ళ మాట స్టేజీ మీదికి వెళ్ళడం అన్నీ జరగాలి. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో నిమిషం పోతుంది.

ఆ నిమిషాల్లో జనం లోపల ఏమవుతుందో చెప్పాలి, ఎందుకంటే బయటినుంచి చూసేవాళ్ళకి అది కనిపించదు. అలాంటి చోట చావు చాలాసార్లు కింద పడి తొక్కుడుకు గురవడం వల్ల రాదు. నిలబడి ఉన్నవాళ్ళే పోతారు. చుట్టూ ఒత్తిడి ఎక్కువైతే ఛాతీ విచ్చుకోదు, గాలి లోపలికి వెళ్ళదు. ఆస్ట్రోవరల్డ్‌లో పోయినవాళ్ళ మరణ కారణంగా వైద్యులు రాసింది ఇదే. చదరపు మీటరుకు నలుగురు ఉన్నంతవరకు మనిషి తన ఇష్టప్రకారం కాస్త కదలగలడు. ఏడుగురి దాకా వచ్చేసరికి జనమంతా ఒకటే ముద్ద అయిపోతుందని జాన్ ఫ్రూయిన్ అనే అమెరికన్ ఇంజనీరు 1993లో రాశాడు. అప్పుడు ఎక్కడో వెనక పుట్టిన తోపు, గాలికి వరిచేను ఊగినట్టు, ఈ చివరినుంచి ఆ చివరికి అలగా వస్తుంది. కాళ్ళు నేల మీద ఆనవు. చేతులు పైకెత్తి అరిచేవాడికీ, ఆనందంతో ఊగేవాడికీ స్టేజీ మీద లైట్ల వెలుగులో నిలబడ్డ గాయకుడు తేడా పట్టలేడు. వెనకనుంచి తోసేవాడికి ముందు ఏం జరుగుతోందో అసలు తెలియదు. వాడు దుర్మార్గుడు కాదు, పాట వినడానికి వచ్చినవాడే.

ఈ తేడా పట్టగలిగేది బ్యారికేడ్‌కి అవతల, స్టేజీకి ఇవతల ఉండే ఆ సన్నని సందులో నిలబడ్డవాళ్ళు మాత్రమే. వాళ్ళ మొహాలు జనం వైపు ఉంటాయి. ఎవరి పెదాలు నీలంగా మారుతున్నాయో, ఎవరు అరుస్తూ అరుస్తూ అరవడం మానేశారో వాళ్ళకి కనిపిస్తుంది. మన దగ్గర ఆ చోట నల్ల టీషర్టులు వేసుకున్న బౌన్సర్లు ఉంటారు. సగం మంది ఫోన్‌లో హీరోని రికార్డు చేస్తుంటారు. వాళ్ళని తిట్టి లాభం లేదు. జనాన్ని లోపలికి దూకనీయకండని తప్ప వాళ్ళకి ఎవరూ ఇంకేమీ చెప్పలేదు. నేను రాసే ప్లాన్లలో అక్కడ ఎత్తు పెట్టె మీద ఇద్దరిని నిలబెట్టమంటాను. వాళ్ళ పని చూడటం ఒక్కటే. వాళ్ళలో ఎవరు చెయ్యెత్తినా, ఎవరినీ అడగకుండా, సౌండ్ కన్సోల్ దగ్గర ఉన్న మనిషి పాట తగ్గించాలి, మైదానంలో ఫ్లడ్‌లైట్లు వెలగాలి. ఆపే హక్కు కింది స్థాయిలో ఉన్నవాళ్ళకి ఇస్తాను. మళ్ళీ మొదలుపెట్టే హక్కు మాత్రం పైవాళ్ళకే ఉంచుతాను. దీనికి నిర్వాహకులు ఒప్పుకోవడం తేలిక కాదు. "ఆ కుర్రాడు భయపడి ఊరికే ఆపేస్తే?" అంటారు. ఊరికే ఆగితే పోయేది మూడు నిమిషాలు.

2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డ్ ఉత్సవంలో పర్ల్ జామ్ బృందం పాడుతుండగా స్టేజీ ముందు తొమ్మిది మంది యువకులు నలిగిపోయారు. వాన పడి నేల జారుడుగా ఉంది. విషయం తెలియగానే గాయకుడు పాట ఆపి జనాన్ని వెనక్కి జరగమని బతిమాలాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ఉత్సవాన్ని నిర్వాహకులు మూసెయ్యలేదు, ఇప్పటికీ ఏటా జరుపుతున్నారు. కాకపోతే స్టేజీ ముందు స్థలాన్ని బలమైన కంచెలతో అరలుగా విడదీశారు. ఒక్కో అరలోకి ఇంతమందే. వెనక నుంచి వచ్చే తోపు ఆ కంచె దగ్గర ఆగిపోతుంది. ఉత్సవం ఆగకుండా మనుషులు బతికే దారి ఉందా అని ఎవరైనా అనుమానపడితే నేను ఈ ఊరి పేరే చెప్తాను.

మన సంగతి వేరు. మన దగ్గర పెద్ద ఆరుబయట సంగీతోత్సవం అంటే చాలాసార్లు సినిమా ప్రీ రిలీజ్ వేడుక, లేదా కాలేజీ ఫెస్ట్, లేదా నవరాత్రుల్లో ఆర్కెస్ట్రా. టికెట్టు కంటే పాసులు ఎక్కువ. ఎన్ని పాసులు పంచారో పంచినవాళ్ళకే తెలియదు. సరుగుడు బాదులు పాతి తాళ్ళతో బిగించేస్తారు. లోపలికి రాకుండా ఆపడానికి కట్టిన ఆ బాదులే బయటికి పోకుండా కూడా ఆపుతాయి. కుర్రాళ్ళు స్పీకర్ల టవరు ఎక్కుతారు. బ్రిటన్‌లో స్టేడియాల కోసం రాసుకున్న గ్రీన్ గైడ్ ప్రకారం చదునైన నేల మీద మీటరు వెడల్పు దారిలో నిమిషానికి 82 మంది బయటికి పోగలరు. పది వేల మందిని ఎనిమిది నిమిషాల్లో పంపాలంటే మొత్తం పదిహేను మీటర్ల పైన వెడల్పు కావాలి. మూడు గంటలపాటు విడివిడిగా లోపలికి వచ్చిన జనం ఒకేసారి బయటికి వెళ్తారు కాబట్టి, వచ్చిన గేటు చాలింది కదా అన్న లెక్క పనికిరాదు. ఈ లెక్క చెప్పినప్పుడు టేపు పట్టుకుని గేట్లు కొలవడానికి నాతో వచ్చిన నిర్వాహకులు ఉన్నారు. వాళ్ళంటే నాకు గౌరవం.

వాన విషయం ఇంకా తీవ్రం. 2023 నవంబరు 25న కొచ్చిలోని కుసాట్ విశ్వవిద్యాలయంలో కాలేజీ ఫెస్ట్ సందర్భంగా ఓపెన్ ఎయిర్ ఆడిటోరియంలో కచేరీ పెట్టారు. అది మొదలు కాకముందే వాన పడింది. బయట ఉన్నవాళ్ళు తడవకుండా లోపలికి పరుగెత్తారు. గేటు దాటగానే కిందికి దిగే నిటారు మెట్లు. నలుగురు చనిపోయారు. ఆ రోజు పాటతో గాని, గాయనితో గాని సంబంధం లేదు. చినుకు పడితే జనం ఎటు పరుగెత్తుతారన్న ప్రశ్న ఒక్కటే. నేను ఏ మైదానానికి వెళ్ళినా ముందు చూసేది నీడ ఎక్కడుందో. వాన వస్తే మనిషి గేటు వైపు పోడు, కప్పు వైపు పోతాడు. ఆ కప్పు స్టేజీదైతే, ఆ స్టేజీ గాలికి ఊగుతుంటే, మనం జనాన్ని ప్రమాదం కిందికే పిలుస్తున్నట్టు.

ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో సాయంత్రాలు ఎలా మారతాయో రైతుకు తెలుసు. నాలుగింటికి మండే ఎండ, ఆరింటికి దుమ్ము లేచి ఈదురుగాలి, పిడుగులు. ఇప్పుడు ముందే తెలుసుకునే మార్గాలు ఉన్నాయి. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ ఉంది, ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ పిడుగుల హెచ్చరికలు పంపుతుంది. మెరుపు కనిపించాక ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉందని అర్థం. అప్పుడు ఆపాలి, చివరి ఉరుము విన్నాక ముప్పై నిమిషాలు ఆగాలి. గాలికి కూడా ఇలాగే గీత గియ్యాలి. స్టేజీ కట్టినవాళ్ళు ఇచ్చిన పరిమితి కంటే బాగా తక్కువలో ఒక అంకె పెట్టుకుని, స్టేజీ పైన గాలిమీటరు బిగించి, ఆ అంకె దాటితే తెరలు దించడం, ఇంకో అంకె దాటితే స్టేజీ ఖాళీ చెయ్యడం. అంకె ముందే రాసి ఉంటే గుంటూరు పెద్దాయన ఎవరినీ అడగనక్కర్లేదు. తిట్లూ పడనక్కర్లేదు.

ఆపాక ఏం చెప్పాలన్నది కూడా ముందే రాయాలి. కరెంటు మొత్తం కట్ చేసి చీకటి చేస్తే భయం రెట్టింపవుతుంది. అందుకని ఒక మైకు, రెండు స్పీకర్లు, దారి లైట్లు వేరే జనరేటరు మీద ఉంచమంటాను. మాట గాయకుడి నోట రావడం మంచిది, జనం ఆ గొంతునే నమ్ముతారు. "ప్రశాంతంగా ఉండండి" అనడం వృథా. "స్టేజీకి ఎడమవైపు ఉన్నవాళ్ళు ఆకుపచ్చ లైటు ఉన్న గేటు వైపు నడవండి, వెనక ఉన్నవాళ్ళు మొదట కదలండి" అని చెప్తే మనుషులు నడుస్తారు. గాయకుడికి ఆ కాగితం మేకప్ గదిలోనే ఇవ్వాలి. ఇచ్చినప్పుడు చిరాకు పడినవాళ్ళని చూడలేదు నేను. చాలామంది రెండుసార్లు చదువుకుంటారు.

చివరికి అన్నీ వచ్చి డబ్బు దగ్గర ఆగుతాయి. ఆపితే గాయకుడి పారితోషికం ఎవరిస్తారు, టికెట్టు డబ్బులు వెనక్కా, స్పాన్సరు ఏమంటాడు? ఇవి తేలకుండా ఎవరికి అధికారం ఇచ్చినా ఆ చెయ్యి లేవదు. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లో దేవర సినిమా ప్రీ రిలీజ్ వేడుకను జనం పట్టనంతగా రావడంతో రద్దు చేశారు. అది హాల్లో జరగాల్సిన వేడుకే, అభిమానులు చాలా బాధపడ్డారు, అయినా సినిమా విడుదలైంది, ఆడింది. రద్దు చేస్తే లోకం మునిగిపోతుందనేవాళ్ళకి నేను ఈ ఉదాహరణ చూపిస్తాను. భద్రత కోసం ఆపితే పారితోషికంలో కోత ఉండదనీ, ప్రేక్షకులకి డబ్బు తిరిగొస్తుందనీ, ఆపినవాళ్ళ మీద నష్టం దావా వెయ్యకూడదనీ ఒప్పందంలో మూడు వాక్యాలు ఉండాలి. వాటికి బీమా కూడా దొరుకుతుంది.

పోలీసు అనుమతి కోసం పెట్టే దరఖాస్తులో ఇప్పుడు నిర్వాహకుడి పేరు, ఎంతమంది వస్తారన్న అంచనా, పార్కింగు వివరాలు అడుగుతారు. వాటి కింద ఇంకో గడి పెట్టమని నేను కలిసిన ప్రతి అధికారినీ అడుగుతున్నాను. కార్యక్రమాన్ని ఆపే అధికారం ఉన్న మనిషి పేరు, ఆ రాత్రి అతను నిలబడే చోటు, అతను లేకపోతే రెండో మనిషి పేరు. ఆ గడి ఖాళీగా ఉంటే అనుమతి ఇవ్వకూడదు.