పట్టికతో సరిపెట్టరాదు

అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో ప్రచురించిన దేబ్‌కుమార్ చక్రబర్తి గ్రంథం భారతీయుల శరీర కొలతలను డిజైనర్లకు అందించింది. ఎర్గోనామిక్స్ ప్రాజెక్టు చేసే మీకు ఇది మంచి ఆధారం. అయితే కొలతల పట్టికలో పని కనిపించదు.

గూడూరులో నేలపై కూర్చొని నిమ్మకాయలు ఏరే మహిళను తీసుకోండి. మోకాలి ఎత్తును బట్టి ఆమెకు బల్ల గీయవచ్చు. ఆమె ఎన్నిసార్లు వంగుతుందో, బుట్ట ఎటు పెట్టుకుంటుందో గమనించకపోతే ఆ బల్ల మూలనపడుతుంది. ఆసు పోస్తూ భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం రూపొందించారు.

కనుక ముందుగా పనిని పరిశీలించండి, తర్వాతే కొలవండి. మీ నమూనాకు మార్కులు వేయవలసిన మొదటి వ్యక్తి దానిపై పనిచేసే మనిషి.