పేలకుండా ఉండే విద్య

బంజారా హిల్స్‌లో పునాది తీయాలంటే ముందు బండతో తేల్చుకోవాలి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది, గడ్డపారకు లొంగదు. ఇక్కడి పాతకాపులందరికీ ఆ వరస తెలుసు: కంప్రెసర్ రొద, రోడ్డుకి అటూ ఇటూ ఎర్రజెండాలు, విజిల్, ఆపైన నేల అదిరిన చప్పుడు. ఆ చప్పుడు ఎంత గట్టిగా వచ్చిందో జనం చెప్పుకుంటారు. నా ధ్యాసంతా అంతకు ముందు గంటల మీదే. లారీలో కుదుపులు తిని, ఎండకు కాగి, ఇన్ని చేతులు మారి వచ్చిన మందు అప్పటిదాకా ఎందుకు పేలలేదు?

అమీర్‌పేటలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే రోజుల్లో నైట్రోజన్ పాఠం ఈ ప్రశ్నతోనే ఎత్తుకునేవాణ్ని. "గాలిలో 78 శాతం నైట్రోజనే కదా సార్, అదేమీ చెయ్యదు. మరి మందుగుండులో దానికేం పని?" అని ఎవరో ఒకరు అడిగేవారు. గాలిలో రెండు నైట్రోజన్ పరమాణువులు త్రిబంధంతో పెనవేసుకుని ఉంటాయి. విడదీయాలంటే మోల్‌కు 945 కిలోజౌళ్లు కావాలి. వాటి మధ్య ఏకబంధమే ఉంటే దాదాపు 160 చాలు. అలాంటి బలహీన బంధాలతో నైట్రోజన్లను ఒకచోట కూర్చితే, సందు దొరికిన క్షణాన గాలిలోని ఆ గట్టి జంటలుగా మారిపోతాయి. ఆ మార్పులో బయటపడేదే శక్తి.

అందుకే నైట్రోజన్ పెంచడం కన్నా నిలబెట్టడం కష్టం. 2025లో జర్మనీలోని గీసెన్ శాస్త్రవేత్తలు ఆరు నైట్రోజన్లు మాత్రమే ఉన్న అణువును తయారుచేశారు. లెక్కల ప్రకారం మైనస్ 196 డిగ్రీల చలిలో దాని అర్ధాయువు 132 ఏళ్లు. గది ఉష్ణోగ్రతలో 36 మిల్లీసెకన్లు! ఎంత గొప్ప పనైనా, దాన్ని సీసాలో పెట్టి బీరువాలో దాచలేం.

టెట్రజోల్ దారి వేరు. అయిదు మూలల వలయం, నాలుగు మూలల్లో నైట్రోజన్, ఒకదాంట్లో కార్బన్. బరువులో 80 శాతం నైట్రోజనే. అయినా ఎలక్ట్రాన్లు వలయమంతా పరుచుకుని ఉండటంతో దానికి నిలకడ వచ్చింది. పంజాగుట్టలో ఏ మందుల షాపులోనైనా దొరికే బీపీ మాత్ర లోసార్టన్‌లో ఈ వలయమే ఉంది. రోజూ పొద్దున్నే లక్షల మంది నీళ్లతో మింగుతున్నారు. వలయానికి ఏ గుంపును తగిలించామన్న దాన్నిబట్టి అది ఔషధమో, మందుగుండో అవుతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు క్లాసులో వెనక బెంచీలు కూడా తలెత్తేవి.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డీఆర్‌డీవో అండతో నడిచిన అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రంలో ఇలాంటి టెట్రజోల్, ట్రైఅజోల్ అణువుల మీద ఏళ్ల తరబడి పని జరిగింది. కొందరు ఫ్లాస్కులో తయారుచేస్తే, కొందరు కంప్యూటర్‌లో స్ఫటికాన్ని నొక్కి చూశారు. అణువు ఒక్కటే గట్టిగా ఉంటే సరిపోదు, స్ఫటికంలో పక్కవాటితో ఎలా సర్దుకుందన్నదీ ముఖ్యం. చదునైన అణువులు అప్పడాల దొంతరలా పేరుకుని, హైడ్రోజన్ బంధాలతో పట్టుకుని ఉంటే, దెబ్బ తగిలినప్పుడు పొరలు పక్కకు జారతాయి. దెబ్బ బలం ఒక్కచోటే వేడిగా పోగుపడదు.

కొత్త పదార్థం గురించి పత్రం వస్తే పేలుడు వేగం ఎంతన్నది ముందు చూసేవాళ్లే ఎక్కువ. నేను పట్టికలో ఇంకాస్త కిందికి వెళతాను: ఎన్ని డిగ్రీల దగ్గర విడిపోతుంది, ఎంత దెబ్బకు ఆగుతుంది, ఎంత రాపిడికి ఓర్చుకుంటుంది. ఆ గళ్లు ఖాళీగా ఉంటే ఆ పని నా లెక్కలో ఇంకా పూర్తి కానట్టే.