రైలు పోయింది, వాలు మిగిలింది

సైకిల్ మీద చరిత్ర చూడాలంటే ఎక్కడికి వెళ్లాలని అడిగేవాళ్లకు నేను రోమ్ పేరు చెప్పను. రోమ్‌లో ఆంకోనా వైపు వెళ్లే రైలెక్కి, గంటన్నర కూర్చుని, స్పొలేటోలో దిగమంటాను. ఇటలీ నడిమధ్య ఉంబ్రియా ప్రాంతంలో కొండవాలుకు అంటుకుని ఉన్న ఊరది. జనాభా 40 వేల లోపే. స్టేషన్ బయటికి రాగానే అలెగ్జాండర్ కాల్డర్ 1962లో చేసిన పెద్ద ఉక్కు శిల్పం కనిపిస్తుంది. దాని కాళ్ల మధ్య నుంచి బస్సు వెళ్లిపోవచ్చు, అంత ఎత్తు. అక్కడ నిలబడి తల పైకెత్తితే ఊరు, ఊరి మీద కోట, కోట వెనకాల అడవి కప్పిన కొండ వరసగా పైకి లేచి ఉంటాయి. సైకిల్ తొక్కేవాడికి ఆ చూపులోనే సగం విషయం అర్థమైపోతుంది.

పాత ఊళ్లను సైకిల్ మీద చూడటం నాకు ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. అందులో నేర్చుకున్నది ఏమిటంటే, ఏ ఊరినైనా ముందు దాని వాలును బట్టి చదవాలి. రాజులు, తేదీలు తర్వాత వస్తాయి. కారులో కూర్చున్నవాడికి ఎక్కుడు, దిగుడు ఒకటే. సైకిల్ మీద ఉన్నవాడికి రోడ్డు కాస్త లేచినా తొడలకు తెలిసిపోతుంది. కోట అక్కడే ఎందుకు కట్టారు, దారి ఇటు ఎందుకు తిరిగింది, నీళ్లు ఎటు నుంచి తెచ్చుకున్నారు అనే ప్రశ్నలన్నీ ఆ ఆయాసంలోంచే పుడతాయి.

రోమన్లు క్రీ.పూ. 241లో ఇక్కడ తమ వలస ఊరు పెట్టారు. తర్వాత రెండు దశాబ్దాలకే రోమ్ నుంచి ఆడ్రియాటిక్ తీరానికి ఫ్లమీనియా రహదారి పడింది. దాని తూర్పు శాఖ స్పొలేటో మీదుగానే సాగింది. క్రీ.పూ. 217లో ట్రాసిమెనో సరస్సు దగ్గర రోమన్ సైన్యాన్ని ఊచకోత కోసిన కార్తేజ్ సేనాని హానిబల్, ఆ ఊపులోనే ఈ ఊరి మీదికి వచ్చి దెబ్బతిని వెనుదిరిగాడని చరిత్రకారుడు లివీ రాశాడు. గోపురం మీంచి సలసల కాగే నూనె పోసి తరిమేశామని ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఇప్పుడు ‘నూనె గోపురం’ అని చూపించే కట్టడం మధ్యయుగాల నాటిది కాబట్టి నూనె సంగతి నేను నమ్మను. కింది మైదానం నుంచి పాత ఊరిలోకి సైకిల్ మీద ఎక్కి చూడండి, హానిబల్ ఎందుకు ఎక్కలేకపోయాడో నూనె ప్రస్తావన లేకుండానే తెలుస్తుంది.

ఊరి నెత్తిన ఉన్న కోటను కార్డినల్ అల్బోర్నోజ్ 1359లో మొదలుపెట్టించాడు. పోప్ ఆధిపత్యాన్ని ఉంబ్రియాలో మళ్లీ నిలబెట్టడం ఆయనకు అప్పగించిన పని. అదే కోట తర్వాత జైలై, 1982 దాకా జైలుగానే ఉంది. కోట వెనక నుంచి ఎదుటి కొండకు లోయ మీదుగా వేసిన వంతెన పేరు పోంతె దెల్లె తొర్రి. పది కమానులు, 230 మీటర్ల పొడవు, దాదాపు 80 మీటర్ల ఎత్తు. మనుషులు దాటడానికే కాదు, కొండ నీళ్లు ఊళ్లోకి రావడానికీ అదే దారి. జర్మన్ కవి గోథే 1786లో దీన్ని చూసి రోమన్లదే అనుకుని పొంగిపోయాడు, నిజానికి మనకు కనిపించే వంతెన మధ్యయుగాలది. నీటికి పంపులు లేని కాలమది. లోయకు ఆ పక్కనున్న నీరు ఈ పక్కకు రావాలంటే అంత ఎత్తునే, కొద్దిపాటి వాలుతో, తెచ్చుకోవాలి. ఆ ఒక్క అవసరం అంత రాతిని అంత ఎత్తుకు లేపించింది. 2016 భూకంపాల తర్వాత వంతెనను చాలాకాలం మూసి ఉంచారు. దాటనివ్వని రోజుల్లో కూడా కోట చుట్టూ ఉన్న బాట మీంచి చూస్తే దాని గొప్పతనం ఏమీ తగ్గదు.

అయితే నేను స్పొలేటో పేరు చెప్పేది వీటన్నిటికంటే ఒక రైలుదారి కోసం.

స్పొలేటో నుంచి తూర్పున కొండల్లోని నోర్చా పట్నానికి 1926 నవంబర్ 1న రైలు నడిచింది. పొడవు 51 కిలోమీటర్లు. 950 మిల్లీమీటర్ల సన్న పట్టాలు, కరెంటు ఇంజన్లు. గీసి కట్టించినవాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఎర్విన్ థోమాన్. తన దేశపు ఆల్ప్స్ కొండల్లో రైలును ఎలా ఎక్కిస్తారో ఆ విద్యనంతా ఇక్కడ పెట్టాడు. 19 సొరంగాలు, 24 వంతెనలు. ఎంత కష్టమైన చోటైనా వెయ్యి మీటర్లకు 45 మీటర్లకు మించి ఎక్కుడు ఉండకూడదన్నది లెక్క. కొండ అంతకంటే నిటారుగా ఉంటే ఏం చేయాలి? దారిని పొడుగు చేయాలి. అందుకే ఆ దారి జంతిక చుట్టినట్టు కొండలో మెలికలు తిరుగుతుంది. అదే లోయ ఒకసారి మన ఎడమన, కాసేపటికి కుడిన, ఇంకాసేపటికి బాగా కిందన కనిపిస్తుంది.

1968 జులై 31న ఆ రైలు ఆగిపోయింది. బస్సులు వచ్చాయి. పట్టాలు పీకేశారు. మన నల్లమలలోనూ నంద్యాల, గిద్దలూరు మధ్య బ్రాడ్‌గేజి కోసం కొత్త దారి వేసి పాత మీటర్‌గేజి దారిని వదిలేశారు. దొరబావి దగ్గర పాత వంతెన స్తంభాలు అడవిలో మిగిలిపోయాయి. ఎక్కడైనా వదిలేసిన రైలుదారికి పట్టే గతి మామూలుగా అదే. స్పొలేటోవాళ్ల దారి మాత్రం సైకిళ్లకు పనికొచ్చింది. రైలుకు భయపడి థోమాన్ పెట్టుకున్న ఆ 45 మీటర్ల హద్దు, మామూలు మనిషి కాళ్లకు కూడా సరిపోయే హద్దు. అరవై దాటినవాళ్లు ఆగి ఆగి ఎక్కడం, తల్లిదండ్రుల వెనక పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ తొక్కడం అక్కడ చూశాను. పక్కనే ఉన్న తారురోడ్డు మీదైతే వాళ్లెవరూ అంతెత్తు ఎక్కేవాళ్లు కాదు.

దారంతా కంకర. సన్న టైర్ల సైకిల్ పనికిరాదు. స్పొలేటో వదిలినప్పటి నుంచి కాప్రరేచ్చా సొరంగం దాకా ఎక్కుడే. నేను తేలిక గేరులో పెట్టి, మళ్లీ దాన్ని మార్చకుండా, ఒకే లయలో తొక్కుతాను. రైలుదారి మీద అది సాధ్యం. ఉన్నట్టుండి నిటారుగా లేచే మలుపు ఒక్కటీ రాదు. లయ కుదిరాక కళ్లకు తీరిక దొరుకుతుంది. రైల్వే కాపలాదారుల పాత ఇళ్లు, కొండ కోసిన చోట రాతి పొరలు, వంతెన కమాను లోపలి రాళ్ల పేర్పు, అన్నీ ఆ తీరికలోనే కనిపిస్తాయి. వంతెన మీంచి వెళ్లిపోకుండా దిగి పక్కకు వచ్చి కమానులోకి చూడమని నా మాట. ఒక్కో రాయిని వంపుకు తగ్గట్టు కొంచెం కొంచెం వాలుగా చెక్కారు. ఆ రోజుల్లో వేసవి ఎండలో, మంచులో అక్కడ సుత్తి పట్టినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

కాప్రరేచ్చా సొరంగం దాదాపు 2 కిలోమీటర్లు. సముద్రమట్టానికి 600 మీటర్లు దాటిన చోట ఉంది. లోపల చీకటి, చలి. జులై ఎండలోంచి లోపలికి వెళ్లినా వణుకు పుడుతుంది. దాటాక నేరా నది లోయలోకి దిగుడు. కింద సాంత్ అనతోలియా ది నార్కో అనే చిన్న ఊరు. అక్కడి జనపనార మ్యూజియం ఈ లోయవాళ్లు ఒకప్పుడు ఏం పండించి ఏం నేశారో చూపిస్తుంది.

దానికి దగ్గర్లోనే సాన్ ఫెలీచె ది నార్కో చర్చి ఉంది, 12వ శతాబ్దం నాటిది. దాని ముందుగోడ దగ్గర నేను ఎప్పుడూ ఎక్కువసేపు ఆగుతాను. గుండ్రటి కిటికీ కింద రాతిలో చెక్కిన పట్టీలో సాధువు ఒక డ్రాగన్‌ను చంపుతుంటాడు. నేరా నది పొంగి నిలిచిపోయిన బురద, దాంతో వచ్చే జ్వరాలే ఆ డ్రాగన్ అనీ, సన్యాసులు ఆ నీటిని తోడి పొలాలు చేశారనీ చాలామంది చెప్పే అర్థం. నాకు అదే సరైనదనిపిస్తుంది. నిలిచిన నీటికి వాలు చూపించి పంపేయడం ఈ లోయలో అన్నిటికంటే పెద్ద పని అయివుండాలి. చేసినవాళ్లను దేవుడి పక్కన నిలబెట్టడంలో వింత లేదు.

ఎక్కుడు వద్దనుకునేవాళ్లకు స్పొలేటో ఇంకో దారి కూడా ఇస్తుంది. ఉత్తరాన ఉన్న మైదానంలో కాలువల వెంట అస్సిసీ దాకా దాదాపు 50 కిలోమీటర్లు చదునుగా వెళ్లే సైకిల్ బాట అది. దానికి కాస్త పక్కన క్లితున్నో ఊటలు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమన్ రచయిత ప్లినీ ఆ నీటి తేటదనం గురించి ఉత్తరమే రాశాడు. దగ్గర్లోనే ఉన్న చిన్న ఆలయాన్ని ప్రాచీన రోమన్ గుడి అనుకుని పల్లాదియో అంతటి వాస్తుశిల్పి కొలతలు తీసి బొమ్మ వేశాడు. అది రోమన్ల పాత రాళ్లతో తర్వాతి కాలంలో కట్టిన క్రైస్తవ ప్రార్థనాలయం. స్పొలేటోలోని సాన్ సాల్వతోరె చర్చితో పాటు దీనికీ 2011లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మంచి బాటే. కానీ చదును దారిలో ఊళ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపోతాయి, అంతే. నాకు కొండ దారే ఇష్టం.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. ఏప్రిల్, మే లేదా సెప్టెంబర్ చూసుకోండి. ముందురోజు ఊళ్లోని కేథడ్రల్‌లో ఫిలిప్పో లిప్పీ చివరి కుడ్యచిత్రాలు చూడండి. 1469లో ఆ పని మీదుండగానే ఆయన ఈ ఊళ్లో చనిపోయాడు, సమాధి కూడా అక్కడే. నోర్చా వైపు దారి 2016 భూకంపాల్లో దెబ్బతిన్నది కాబట్టి ఎంతవరకు తెరిచారో, సొరంగం తెరిచి ఉందో లేదో స్పొలేటోలోనే కనుక్కుని బయల్దేరండి. సైకిల్ అక్కడే అద్దెకు దొరుకుతుంది, బ్యాటరీది కావాలన్నా ఇస్తారు. హెల్మెట్, స్వెటర్ తప్పనిసరి. సైకిల్‌కు ముందు, వెనక లైట్లు ఉన్నాయో లేదో, వెలుగుతున్నాయో లేదో చూసుకోకుండా కాప్రరేచ్చాలోకి మాత్రం వెళ్లకండి.