హారీ పాలిట్ ఆత్మకథ: విమర్శనాత్మక పరిశీలన

హారీ పాలిట్ (1890-1960) 1929లో బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ఆయన ఆత్మకథ ‘సర్వింగ్ మై టైమ్’ 1940లో వెలువడింది. ఆ ఇంగ్లీషు మాటకు రెండర్థాలున్నాయి: వృత్తిలో శిష్యరికం చేయడం, జైలుశిక్ష అనుభవించడం. పాలిట్ రెండూ చేశాడు. 12 ఏళ్లకే నూలుమిల్లులో చేరి, తరవాత బాయిలర్ల తయారీ నేర్చుకున్నాడు. 1925లో ఆయనకు 12 నెలల శిక్ష పడింది. ఉపశీర్షిక తన కథను రాజకీయాల్లో శిష్యరికంగా చెబుతుంది.

ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. శిష్యరికం ముగిసిన పనివాడు తన కంటిని తాను నమ్ముకుంటాడు. 1939 సెప్టెంబరులో పాలిట్ అలాగే నమ్ముకుని, హిట్లర్‌పై యుద్ధాన్ని సమర్థిస్తూ కరపత్రం రాశాడు. అది సామ్రాజ్యవాద యుద్ధమని కమింటర్న్ తేల్చడంతో పదవి కోల్పోయాడు. తరవాత పార్టీ నిర్ణయానికి బహిరంగంగా తలవంచాడు.

దీన్ని పిరికితనమనడం తొందరపాటు. సమ్మె వద్దని ఓటేసినవాడు కూడా, సమ్మె ఖాయమయ్యాక అందరితో నడవాలన్నది కార్మిక సంఘాల నీతి. ఆయన అందులో పెరిగినవాడు. అయితే ఇక్కడ సహచరుల ఓటుకు ముందే నిర్ణయం మాస్కోలో జరిగిపోయింది. ఈ తేడాను మనం విస్మరించకూడదు.

1941లో జర్మనీ సోవియట్ యూనియన్‌పై దాడి చేశాక పదవి తిరిగి దక్కింది. మారింది ఆయన తీర్పు కాదు, మాస్కో అవసరం. కాబట్టి ఈ శీర్షికను సాధించినవాడి గర్వంగానే కాక, ముగియని శిష్యరికంగా కూడా చదవాలి.

ఆలోచించండి: క్రమశిక్షణకూ స్వతంత్ర నిర్ణయానికీ మధ్య హద్దు ఎక్కడ?