పిల్లల ఆందోళన - ఒక బొమ్మల చిత్రము

మనస్సులోని ఉద్వేగములను మనుష్యులవలె మాటలాడించిన ‘ఇన్‌సైడ్ అవుట్’ అను అమెరికా బొమ్మల చిత్రము 2015లో వెలువడినప్పుడు, అందులో సంతోషము, విచారము, కోపము, భయము, జుగుప్స అను ఐదు పాత్రలే యుండెను. 2024లో కెల్సీ మాన్ దర్శకత్వమున పిక్సార్ సంస్థ తీసిన రెండవ భాగము నాటికి కథానాయిక రైలీకి పదమూడేండ్లు వచ్చినవి. ఆమె తలలోనికి ఆందోళన అను నారింజరంగు పాత్ర మూటాముల్లెలతో వచ్చి దిగినది. భయమును, ఆందోళనను వేరు వేరుగా చూపుటయే ఈ చిత్రము చేసిన మొదటి మంచిపని. కంటి యెదుటి అపాయమునకు జంకునది భయము. ఇంకను రాని దానిని, ఒకవేళ ఎన్నడును రానే రాని దానిని ఊహించుకొని కలత చెందునది ఆందోళన.

కథ చిన్నది. మంచుపై ఆడు హాకీ ఆటకు మూడు దినముల శిక్షణ శిబిరము. ప్రాణస్నేహితురాండ్రు ఇద్దరును వేరొక హైస్కూలులో చేరనున్నారని రైలీకి అప్పుడే తెలిసినది. ఇక ఆందోళన పగ్గములు చేపట్టును. రైలీ తెల్లవారకముందే లేచి సాధనచేయును. పెద్ద పిల్లల మెప్పుకొరకు పాత స్నేహితులను విడుచును. తనను గూర్చి శిక్షకురాలు ఏమి వ్రాసికొన్నదో చూచుటకు దొంగతనముగా ఆమె గదిలో జొరబడును. రాత్రివేళ ఆమె తలలో, రేపు జరుగబోవు అనర్థములను బల్లలముందు కూర్చుండి వరుసగా బొమ్మలు గీయు పనివారి దృశ్యము చిత్రమంతటిలో ఉత్తమమైనది. బయటినుండి చూచువారికి మాత్రము ఇదంతయు పట్టుదలవలెనే తోచును. ఒక్క మార్కు తగ్గినను నిద్రపోని బాలుడు, వ్రాసిన పుటనే చింపి మరల వ్రాయు బాలిక తరగతిలో మెప్పు పొందుదురు గాని, వారి బాధను అడుగువారు అరుదు. ఈ రకపు ఆందోళనను ఇంత చక్కగా తెరపై చూపిన చిత్రములు అనేకము లేవు.

తప్పిదమునకు శిక్షగా రెండు నిమిషములు ఆటవెలుపల కూర్చుండిన రైలీకి గుండె దడదడలాడి, ఊపిరి సలుపకపోవు ఘట్టమును శాస్త్రానుసారముగానే చూపిరి. డేకర్ కెల్ట్‌నర్, లీసా డామూర్ అను మనశ్శాస్త్రజ్ఞులు ఈ చిత్రమునకు సలహాదారులు. ఎడ్రినలిన్ రక్తములో చేరగానే గుండె వేగము హెచ్చును, శ్వాస త్వరితమగును, రక్తము జీర్ణావయవములనుండి కండరములకు మరలును. వాల్టర్ కానన్ 1915లో వివరించిన ఈ ఏర్పాటు పులి యెదురైనప్పుడు ప్రాణములు కాపాడును. లెక్కల పరీక్ష యెదురైనప్పుడు కడుపునొప్పి తెచ్చును.

ఆ కడుపునొప్పియే ఈ చిత్రములో లేదు. సోమవారము ఉదయము వచ్చి, సెలవునాడు మాయమగు నొప్పిని పెద్దలు దొంగనొప్పి అందురు. వైద్యునికి వ్రణమేదియు కనబడకపోయినను బిడ్డకు నొప్పి నిజమే. రైలీ ఆందోళన ఎల్లప్పుడు ముందుకే త్రోయును. తరగతులలోని ఆందోళన తరచుగా వెనుకకు లాగును. జవాబు తెలిసియు లేచి చెప్పని పిల్ల, నల్లబల్ల వద్దకు పిలువగానే బయటికి పోవ సెలవడుగు పిల్లవాడు, పరీక్షనాడే బడికి రానివాడు - వీరి జాడ ఇందులో లేదు. తప్పించుకొన్న ప్రతిసారియు కలుగు ఊరటయే మరునాటి భయమును పెంచుననుట ఉపాధ్యాయుడు తెలిసికొనవలసిన ముఖ్యవిషయము. చిరాకు కూడ ఇట్టి గుర్తే. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో ప్రకటించిన నిర్ధారణ గ్రంథములో, ఆరు నెలలపాటు విడువని ఆందోళనకు తోడుగా స్థిమితము లేకుండుట, అలసట, ఏకాగ్రత లోపము, చిరాకు, కండరముల బిగువు, నిద్రలేమి అను ఆరింటిలో పెద్దలకు మూడు ఉండవలెను. పిల్లలకు ఒక్కటి చాలును.

ముగింపు మరీ సులభమైపోయినది. సంతోషము నచ్చజెప్పి ఆందోళన చేతిని మీటలపైనుండి తీయించగానే రైలీ కుదుటపడును. ఒకసారి ముంచుకొని వచ్చిన భయము నిమిషములలో తగ్గుట వాస్తవమే. నెలల తరబడి పాతుకొన్నది అట్లు పోదు. మేరీ కవర్ జోన్స్ 1924లో ప్రకటించిన పరిశోధనలో, కుందేలును చూచి బెదరు పీటర్ అను చిన్నవానికి ఇష్టమైన తినుబండారము పెట్టుచు, కుందేలును కొద్దికొద్దిగా దగ్గరకు తెచ్చి భయము పోగొట్టెను. అది ఒక్కనాటిలో ముగిసిన పని కాదు. ఆ ఓపిక చిత్రమునకు లేదు. కథకు వేగము కావలెను గదా!

అయినను చివర ఆందోళనను వెళ్లగొట్టక, వాలుకుర్చీలో కూర్చుండబెట్టి తేనీరిచ్చుట తెలివైన కల్పన. జట్టులో చోటు దొరకునో లేదో యని అది మరల కలవరపడగా, ఆ సంగతి రైలీ చేతిలో లేదనియు, మరునాటి స్పానిష్ పరీక్షకు చదువుట మాత్రము చేతిలోనే యున్నదనియు సంతోషము గుర్తుచేయును. ఈ ఘట్టమును మన దేశపు పిల్లలు వేరుగా చూతురు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2022లో ఆరవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు 3,79,842 మంది విద్యార్థుల అభిప్రాయములు సేకరింపగా, నూటికి 81 మంది తమ ఆందోళనకు చదువు, పరీక్షలు, ఫలితములే ముఖ్యకారణమని తెలిపిరి. రైలీకి ఊతగా చూపిన పరీక్షయే వీరికి బెడద. చిత్రమును తరగతికి చూపదలచిన ఉపాధ్యాయుడు ఆ దృశ్యమువద్ద కొంచెము ఆపి, పిల్లలేమందురో వినుట మంచిది.