ప్రాచీన గ్రీకు ధ్వనులు - కావ్యశ్రవణము

కావ్యమును చెవితో ఆస్వాదించు సంప్రదాయము గల మనకు, హోమరును కంటితో మాత్రమే చదువుట వెలితిగా తోచును. ఆ కాలపు గ్రీకు పలికిన నోళ్లు ఏనాడో మూతపడినవి, లిపి మిగిలినది. లిపివెనుకనున్న ధ్వనిని తిరిగి వినగలమా? ఇది భాషాశాస్త్రజ్ఞుల ప్రశ్న మాత్రమే కాదు, రసికుల ప్రశ్న కూడ.

నేటి గ్రీకులో పూర్వపు అచ్చులు పెక్కు ఒక్క ఇకారముగా మారినవి, హ్రస్వదీర్ఘభేదము లోపించినది. ఇది భాషకు సహజమైన పరిణామమే కాని దోషము కాదు. అయినను క్రీ.పూ. 5వ శతాబ్దపు క్రటీనస్ నాటకఖండమొకదానిలో 'బే బే' అను గొఱ్ఱె అరపు, నేటి ఉచ్చారణలో 'వీ వీ' యగును. ఏ గొఱ్ఱెయు అట్లరవదు! అంతకంటె ముఖ్యముగా, హ్రస్వదీర్ఘములు చెరిగినచో గురులఘువులపై నిలిచిన హోమరు ఛందస్సు కూలును. గ్రీకున ఎకార ఏకారములు, ఒకార ఓకారములు వేఱు. సంప్రదాయ నాగరిలిపి చూపజాలని ఈ భేదమును తెలుగులిపి సులువుగా చూపగలదు.

హల్లులలో మన చెవికి చుట్టఱికము మఱింత దగ్గఱ. 'ఫిలోసోఫియా' అనుచోట నేటి గ్రీకులు ఆంగ్లమందలి ఎఫ్ ధ్వనిని పలుకుదురు. ప్రాచీనులు పలికినది ఒత్తు పకారము. రోమనులు తమకు ఎఫ్ అక్షరమున్నను దానిని వాడక, ఆ ధ్వనిని మొదట పి అనియు, పిదప పి-హెచ్ అనియు వ్రాసిరి. 'ఉంచుచున్నాను' అను అర్థమున సంస్కృతము 'దధామి' యనగా గ్రీకు 'తిథేమి' యనును. రెండు భాషలయందును ఒత్తు హల్లులు రెండు చేరువగా రావలసిన చోట మొదటిది ఒత్తును కోల్పోయినది. 1863లో గ్రాస్‌మన్ వివరించిన ఈ సూత్రము, గ్రీకు హల్లులలో నిజమైన మహాప్రాణము ఉండెనన్నచోనే పొసగును.

ఛందస్సు మఱొక సాక్షి. హోమరు 'అనక్స్' (రాజు) అన్న తావులు అనేకములలో, దానికి ముందు ఒక హల్లు ఉన్నగాని నడక సరిపడదు. 18వ శతాబ్దమున రిచర్డ్ బెంట్లీ అచట లుప్తవకారమును గుర్తించెను. 1952లో మైకేల్ వెంట్రిస్ లీనియర్ బి లిపిని ఛేదింపగా, హోమరుకు శతాబ్దములు పూర్వపు మట్టిపలకలపై ఆ పదము 'వ-న-క' అని కానవచ్చెను. నాలుక మఱచిన వర్ణమును పద్యము దాచియుంచినది!

గ్రీకు స్వరము వైదిక స్వరమువలె ధ్వనిస్థాయిని బట్టినది. దాని పూర్ణరాగము మనకు మరల దక్కదు. అయినను వర్ణములు, మాత్రలు చాలవఱకు దక్కినవి. కనుక గ్రీకు కావ్యమును తెనిగింపబూనువాడు అర్థముతో తృప్తిపడరాదు. మూలమును ఒక్కసారియైనను బిగ్గఱగా చదివి, గురులఘువుల నడకను విని, పిదప కలము పట్టవలెను.